గాలికి వేసిన ఏడు ముడులు

"ఉన్న చింతపండంతా దాని చేతులకే రాసేస్తే పులుసులోకి ఏం వేస్తావు?" అన్నాడు సింగన.

ఆ తగువు మొదలై అప్పటికే చాలాసేపయింది. అయినా ఎర్రక్క తల ఎత్తలేదు. కూతురి కుడిచేతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చింతపండు గుజ్జులో ఇటుకపొడి కలిపి, మోచేతి నుంచి వేలికొనలదాకా తోముతూనే ఉంది. ఎనిమిది రోజులుగా మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఇంట్లో అదే పని.

"ఒక్కపూట పులుసు లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు," అంది.

"ఒక్కపూటేనా? మొన్నా లేదు, నిన్నా లేదు. వేణ్ణీళ్ళలో ఉప్పూ కారం కలిపి పులుసు అంటున్నావు. పళ్ళు లేని మనిషి మా అమ్మ, ముద్ద ఎట్లా దిగుతుంది?"

"నన్ను అడ్డం పెట్టుకోకురా," అంది అరుగుమీద కూర్చున్న అవ్వ. "నాకు మజ్జిగ చాలు. పులుపు కావలసింది నీ నాలుకకి."

చెంగల్వకు నవ్వొచ్చింది. అంతలోనే చెయ్యి భగ్గుమంటే పళ్ళు బిగబట్టింది. పదిహేడేళ్ళ పిల్ల. నీలివాడలో పుట్టిన అందరి చేతుల్లాగే ఆమె చేతులూ అయిదో ఏటినుంచి నీలంగానే ఉన్నాయి. నీలిమందు తొట్టిలో గుడ్డలు ముంచి తీసేవాళ్ళకు ఆ రంగు గోళ్ళలోకి, అరచేతి గీతల్లోకి దిగి, కాటిదాకా వెంట వస్తుంది. దాన్ని వదిలించాలని ఆ వాడలో ఇదివరకు ఎవరికీ తోచలేదు. ఎర్రక్కకు తోచింది.

"నీ బాధ పులుసు కాదులే నాన్నా," అంది చెంగల్వ.

"కాదు," అన్నాడు సింగన. "నీవి కాని చేతులు పెట్టుకుని కొండెక్కితే, ఎక్కింది నువ్వెట్లా అవుతావే?"

"ముందు ఎక్కనీ," అంది ఎర్రక్క. "ఎక్కింది ఎవరో తరవాత మాట్లాడుకుందాం."

తొట్టి అంచున కూర్చుని గెడకర్రతో రంగు కలుపుతున్నాడు తిప్పన, చెంగల్వ అన్న. తల తిప్పకుండానే అన్నాడు: "మెట్లలో మోసమేమీ లేదమ్మా. నేను ఎక్కి చూశాను కదా. నా చెయ్యి వణికింది. అంతే."

మూడేళ్ళుగా అతను మాట్లాడిన మాటల్లో సగం ఆ ఒక్క మాటే.

*

కంకణ రాజ్యంలో వంకధార ఏటికి తూర్పున రాజధాని రత్నకూటం, పడమట నీలివాడ. తూర్పున ఒక బడి, పడమట ఒక బడి. ఎవరి పిల్లలైనా ఏ బడిలోనైనా చదువుకోవచ్చునని ఏటి ఒడ్డునే రాతిమీద రాజశాసనం చెక్కి ఉంది. కాని ఏటిమీది ఎత్తుడు వంతెనను మాత్రం తూర్పుబడి గంట మోగిన తరవాతే దించుతారు. గంట మోగాక వచ్చినవాళ్ళకు తూర్పుబడి తలుపు తీయరు. ఎవరూ ఎవరినీ రావద్దనరు. వేళకు వంతెన దిగదు, అంతే. అందుకని తూర్పు పిల్లలు తాళపత్రాలమీద చదివితే, పడమటి పిల్లలు ఇసుకలో రాసి చెరిపి చదివేవాళ్ళు.

ఆ ఏరు ఉత్తరాన మేఘగిరి కిందనుంచి, రాతి సొరంగం చీల్చుకుని దూకి వస్తుంది. మేఘగిరి అంటే మామూలు కొండ కాదు. పొద్దున కుంకుమరాశిలా, మధ్యాహ్నం వెండిదిబ్బలా, సాయంత్రం నెమలికంఠంలా రంగు మారుతుంది. దాని నెత్తిమీద, మబ్బులు గడపదాకా వచ్చి వెనక్కి వెళ్ళేంత ఎత్తున, పన్నెండు పసిడి శిఖరాల విద్యాపీఠం. వైద్యుడు కావాలన్నా, న్యాయం చెప్పాలన్నా, కొలువులో కలం పట్టాలన్నా ఆ గడప తొక్కి రావలసిందే.

అక్కడ చేరడానికి మూడేళ్ళకొకసారి దీపారోహణం జరుగుతుంది. తూర్పువాళ్ళు తూర్పుమెట్లు ఎక్కుతారు, పడమటివాళ్ళు పడమటిమెట్లు. అందరికీ ఒకే మట్టి ప్రమిద, ఒకే కొలత నూనె, ఒకే పొడుగు వత్తి. అటూ మూడువందల అరవై మెట్లే, ఇటూ మూడువందల అరవై మెట్లే. దీపం ఆరకుండా పైకి తెచ్చినవాళ్ళకు తెల్ల ఉత్తరీయం కప్పి లోపలికి తీసుకుంటారు. ఇంతకు మించిన న్యాయం ఏ దేశంలో ఉందని రత్నకూటం జనం చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు.

ఎనభై ఏళ్ళుగా నీలివాడ దీపం ఒక్కటీ పైకి చేరలేదు.

"ఎనభై ఏళ్ళలో వణకని చెయ్యి మన వాడలో ఒక్కటీ లేదా?" అన్నది ఎర్రక్క సందేహం. ఆవగింజంత ముడులు వెయ్యి వేసి గుడ్డను అద్ది, ఒక్క పోగు తెగకుండా వెయ్యీ విప్పే చేతులు అవి. వైద్యం నేర్వాలని నాలుగువందల మొక్కల పేర్లు కంఠతా పట్టిన తిప్పన చెయ్యి ఎట్లాంటిదో కన్నతల్లికి తెలియదా? అతని దీపం ఆఖరి మలుపులో ఆరిపోయింది. అప్పటినుంచీ పని మధ్యలో సందు దొరికితే చాలు, అరచెయ్యి తిప్పి చూసుకుంటూ ఉంటాడు. అది చూడలేకనే ఎర్రక్క ఈ సాహసానికి పూనుకుంది. కూతురు తూర్పుమెట్లు ఎక్కి చూసిరావాలి. తూర్పుమెట్ల మొదట కావలివాళ్ళు చేతులు చూసి పంపుతారు. అందుకే ఈ తోముడు.

*

మర్నాడు తూర్పు ఎర్రబడేవేళకు ఇల్లంతా ఏటి ఒడ్డున ఉంది. అద్దకానికి వచ్చిన బట్టల్లోంచి తీసిన పట్టుపంచె, జరీ తలపాగా చుట్టుకుని చెంగల్వ పరదేశపు వర్తకుడి కొడుకులా తయారయింది. చేతులు రెండూ ఒలిచిన వేరుశనగ గింజల్లా ఎర్రగా, లేతగా ఉన్నాయి. ఎత్తుడు వంతెన గొలుసులతో ఆకాశంలోకి నిలబడి ఉంది. నీళ్ళలో దుంగలు తేలుతున్నాయి. వాటికి కళ్ళున్నాయి.

అవ్వ తమ్ముణ్ణి పద్దెనిమిదో ఏట ఈ ఏట్లోనే మొసలి లాక్కుపోయింది. ఒడ్డున అతని పైగుడ్డ ఒక్కటే దొరికింది. యాభై ఆరేళ్ళయినా అవ్వ సాయంత్రం కూడు ముందు తొలిముద్ద తీసి ఆకుమీద తమ్ముడి పేర పెడుతుంది.

"నాంచారమ్మ తమ్ముణ్ణి తిన్నది చాలదా ఈ ఏటికి?" అంది అవ్వ, తన పేరే తాను చెప్పుకుని ఏటితో మాట్లాడుతున్నట్టు.

సింగన నలభై మూరల గుడ్డను నీటిమీదికి విసిరాడు. రంగుగుడ్డలు జాడించే ఆ రేవులో నీటివాలు అతనికి కొట్టినపిండి. గుడ్డ పాములా సాగి, వంపు తిరిగి, కొస వెళ్ళి తూర్పు ఒడ్డున ఊడల్లా దిగిన చెట్టువేళ్ళకు చుట్టుకుంది. చెంగల్వ గుడ్డ పట్టుకుని నీళ్ళలోకి దిగింది. దుంగలు కదిలాయి.

"కానివ్వు," అంది ఎర్రక్క.

తల్లీ కొడుకూ కలిసి బండిమీద తెచ్చిన తొట్టిని ఆమెకు దిగువన, మొసళ్ళున్నవైపు ఏట్లోకి ఒరిగించారు. మూడు నెలలు ఆకూ సున్నమూ బెల్లమూ వేసి పులియబెట్టిన నీలిమందు. ఇంటిల్లిపాదికీ ఆ ఏడాది బతుకుతెరువంతా అందులోనే ఉంది. నల్లని నీలిమబ్బు నీళ్ళలో విచ్చుకుంది. ఆ ఘాటు వాసనకు మొసళ్ళు తోకలు తిప్పి అడుగుకు దిగిపోయాయి. ఒక్కటి మాత్రం దిగలేదు. ముసలిది, వీపుమీద నాచు పట్టింది. నోరు తెరిచి నేరుగా వచ్చింది. చెంగల్వ గుడ్డను దాని దవడలమీద రెండు చుట్లు తిప్పి ముడి బిగించింది. అద్దకపు ముడి, తడిసేకొద్దీ బిగుస్తుంది. మొసలి గింజుకుంటూ ఉండగానే ఆమె తూర్పు ఒడ్డు పాకింది.

వెనక్కి తిరిగి చూసింది. అవతలి ఒడ్డున ఖాళీ తొట్టి పక్కన నలుగురూ నిలబడి ఉన్నారు. తండ్రి చెయ్యి ఎత్తి, పో పో అన్నట్టు ఊపాడు.

*

బట్టలు ఎండలో ఆరాక వెళితే, తూర్పు వాకిట్లో కావలివాడు ఆమె చేతులు వెలుగులోకి తిప్పి చూశాడు. "ఏ ఊరు బాబూ?"

"సింహికాపట్నం. మా నాన్న ముత్యాల వర్తకుడు. నా పేరు మణిభద్రుడు."

"అబ్బో, చేతులు చూస్తే పని ఎరగని చేతులే. పదండి."

ఎనిమిది రోజుల చింతపండు మండుతుండగా చెంగల్వ ప్రమిద అందుకుంది.

తూర్పుమెట్లు పాలరాతివి. రెండు పక్కలా సంపెంగ పొదలు, ప్రతి ముప్పై మెట్లకూ ఒక చలువపందిరి, పందిరి కింద చెరకురసం కుండలు. జరీ అంచుల పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతున్నారు. ఒకడు ప్రమిదను ఎడమచేతిలోకి మార్చుకుని సంపెంగ కోసుకున్నాడు. ఇంకొకడు తుమ్మాడు. దీపం ఆరలేదు. చెంగల్వ రెండు అరచేతుల మధ్య ప్రమిదను దాచుకుని, ఊపిరి కూడా పక్కకు వదులుతూ నడుస్తోంది.

"అంత భయమేమిటయ్యా మణిభద్రా," అన్నాడు సంపెంగ పిల్లవాడు. "నిటారుగా పట్టుకో. చెయ్యి గట్టిదైతే దీపం అదే నిలబడుతుంది. మా నాన్న అట్లాగే ఎక్కాడు, మా తాత అట్లాగే ఎక్కాడు."

ఆ పిల్లవాడి గొంతులో పొగరు లేదు. నిజంగానే నమ్మి చెబుతున్నాడు. అదే చెంగల్వకు ఎక్కువ బాధ కలిగించింది. నూరు మెట్లు ఎక్కింది. రెండువందలు ఎక్కింది. దీపం కొస ఒక్కసారి కూడా ఒరగలేదు. దూరాన సముద్రం మెరుస్తోంది. సముద్రానికి ఎదురుగా ఉన్న కొండమీద ఆకు కూడా కదలడం లేదు. గాలి లేదు. ఎక్కడా లేదు. ఉండవలసిన చోట గాలి లేకపోవడం ఆమెకు మొసలికంటే భయంకరంగా అనిపించింది.

మూడువందల అరవయ్యో మెట్టుమీద ఆమె దీపం నిలువుగా వెలుగుతూనే ఉంది.

పీఠాధిపతి వేత్రకీర్తి గడపలో నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లని గడ్డం, తెల్లని బట్ట. ఆయన ముందు వెండిపళ్ళెంలో నీళ్ళు, పక్కన మడత నలగని తెల్ల తువ్వాలు. పైకి చేరినవాళ్ళు చేతులు కడిగి, తువ్వాలుతో తుడుచుకుని, ఉత్తరీయం కప్పించుకోవాలి. ముందున్నవాళ్ళు అట్లాగే చేశారు. చెంగల్వ చేతులు కడిగింది. మూడుసార్లు గట్టిగా విదిలించింది. మోచేతులు మడిచి, వేళ్ళు పైకి పెట్టి, తువ్వాలుకు ఎడంగా నిలబడింది.

తడిచేత్తో తెల్లగుడ్డ ముట్టుకోకూడదు. అద్దకపువాళ్ళ ఇళ్ళలో పాకే పిల్లలకు నేర్పే మొదటి బుద్ధి అది. మరక పడ్డ గుడ్డ ఒక్కటి చాలు, ఒక కుటుంబం నెల రోజులు పస్తులుండడానికి. చేతికి రంగు లేదన్న సంగతి చెంగల్వకు తెలుసు. చేతికి తెలియలేదు.

వేత్రకీర్తి చూపు ఆ చేతులమీద ఆగిపోయింది. ఆయన తక్కిన పిల్లలను లోపలికి పంపి, ఆమెను మాత్రం రాతిగోడ వెనక వసారాలోకి తీసుకువెళ్ళాడు. పారిపోయే దారికోసం చెంగల్వ నాలుగు దిక్కులూ చూసింది. ఆయన అక్కడున్న ఇంకో పళ్ళెంలో తన చేతులు కడిగాడు. మూడుసార్లు విదిలించాడు. మోచేతులు మడిచి, వేళ్ళు పైకి పెట్టాడు.

"యాభై ఆరేళ్ళయింది," అన్నాడు. "ఇంకా పోలేదు."

తరవాత ఆయన గొంతులోంచి పీఠం భాష జారిపోయి నీలివాడ మాట వచ్చింది. "ఎవరింటి బిడ్డవు?"

"సింగన కూతుర్ని. చెంగల్వని."

"నాంచారి కొడుకు సింగనా?" ఆయన గోడ పట్టుకున్నాడు. "అక్క ఉందా?"

చెంగల్వకు అప్పుడు అర్థమయింది. మొసలి ఎవరినీ తినలేదు. ఒక పిల్లవాడు ఒడ్డున పైగుడ్డ వదిలేసి, ఎట్లాగో చేతులు తెల్లగా చేసుకుని, ఈ మెట్లే ఎక్కాడు.

"ఉంది," అంది. "పళ్ళు లేవు. రోజూ మొదటి ముద్ద మీకు పెడుతుంది."

"చెప్పకు," అన్నాడు ఆయన. "చచ్చినవాడికి కాబట్టి పెడుతోంది. బతికున్నాడని తెలిస్తే ఎందుకు పెడుతుంది?"

ఆయనే ఉత్తరీయం తెచ్చాడు. చెంగల్వ దాన్ని చేతులతో తాకకుండా ముంజేతులమీద పట్టుకుంది. "అమావాస్యనాటికి వచ్చి చేరు. మణిభద్రుడికి ఇక్కడ చోటుంది. నీ దీపం వెలిగింది, నేను చూశాను. కాని చెంగల్వ ఆ ఒడ్డునే చచ్చిపోవాలి. పైగుడ్డ ఒకటి వదిలిరా. ఇంకో దారి నాకు తెలియదు తల్లీ."

"సముద్రపు గాలి ఏమయింది?" అని అడిగింది చెంగల్వ.

ఆయన తల వంచుకున్నాడు. వసారా చివర మెట్లకు పైన ఒక ఇనుపకంబం ఉంది. దానికి చుట్టిన నల్లతాడుకు ఏడు ముడులు. "ఎనభై ఏళ్ళకిందటి రాజు కొడుకు చెయ్యి వణికేదట. ఆ రాజు ఉప్పుదీవి నుంచి వాతబంధుడనే మాంత్రికుణ్ణి రప్పించాడు. వాడు తూర్పుగాలిని ఇక్కడ కట్టేసి, కొండలోపల సొరంగం తొలిచి, పడమటిమెట్ల ఆఖరి మలుపులోకి వదిలాడు. అటు లోయగాలి ఎట్లాగూ ఉంది. ఇదీ తోడయింది."

"ఇటు ఎక్కేవాళ్ళకు తెలుసా?"

"తెలియదు. తమ చేతులు గట్టివనుకుంటారు. అటువాళ్ళకూ తెలియదు."

"మీకు తెలుసు కదా తాతా."

తాతా అన్న పిలుపుకు ఆయన ముఖం ముడుచుకుపోయింది. "ప్రతి దీపారోహణానికీ, వచ్చేసారి చెబుదాం అనుకుంటాను. చెబితే ముందు నా చేతులు చూస్తారు."

పడమటి గోడకు ఒక కిటికీ ఉంది. చెంగల్వ వంగి చూసింది. అటు మెట్లు బండరాళ్ళు, కొన్ని విరిగిపోయాయి. పందిరి లేదు, పొద లేదు. అందరూ ఆగిపోగా ఒక్క దీపమే మిగిలింది. దాన్ని పట్టుకున్నది ఓబులి. చెంగల్వా ఆమే చిన్నప్పుడు ఒకే ఇసుకలో ఒకే పుల్లతో అక్షరాలు దిద్దుకున్నారు. ఓబులి వీపు గాలికి పెట్టి, పమిట గుడారంలా కప్పి, ఒక్కొక్క మెట్టూ వెనక్కి నడుస్తూ ఎక్కుతోంది. మూడువందల యాభై ఆరు. యాభై ఏడు. ఆఖరి మలుపు తిరిగింది. రాతిలోని బొరియ ఒక్కసారి ఊదింది.

దీపం ఆరిపోయింది.

ఓబులి పైకి చూడలేదు. బొరియకేసి చూడలేదు. తన కుడిచెయ్యి తిప్పి, అరచేతిలోకి చూసుకుంది. తిప్పన చూసుకున్నట్టే, అచ్చం అట్లాగే.

చెంగల్వ ఉత్తరీయం భుజాన వేసుకుని కంబం దగ్గరికి పరుగెత్తింది.

"దాన్ని ముట్టుకుంటే మణిభద్రుడికి కూడా చోటుండదు," అన్నాడు వేత్రకీర్తి వెనకనుంచి. అంతే అన్నాడు. ఆపలేదు.

ఎనభై ఏళ్ళ ముడి ఎండి రాయి అయింది. ఎండిన ముడిని లాగితే బిగుస్తుంది. తడిపి, వేసినవైపే ఇంకాస్త తోసి, అప్పుడు గోరు దూర్చాలి. చెంగల్వ నోటితో తడిపింది, తోసింది, గోరు దూర్చింది. మొదటి ముడి విడిపోయింది.

తూర్పుగాలి ఎనభై ఏళ్ళ ఆకలితో మెట్లమీదికి దూకింది. పందిళ్ళు లేచిపోయాయి, చెరకురసం కుండలు దొర్లాయి, కిందినుంచి పైదాకా దీపాలు వరుసగా ఆరిపోయాయి. ఒక్క పిల్లవాడు కూడా తన చెయ్యి చూసుకోలేదు. "గాలి, గాలి. ఎవరో గాలి వదిలారు. ఈ ఆరోహణం చెల్లదు," అని అరిచారు అందరూ ఒక్క గొంతుతో. సంపెంగ పిల్లవాడి గొంతు అన్నిటికంటే పైన వినిపించింది.

భేరి మోగింది. కంబంలోంచి నల్లని పొగ లేచి, చుట్టలు తిరిగి, ఇనుపముక్కు గద్ద అయి చెంగల్వమీదికి వాలింది. ఆమె రెండో ముడి పట్టుకుంది. తడిపింది, తోసింది. అది చన్నీళ్ళలో పాములా గోటికింద జారింది.

"అది రాదు," అన్నాడు వేత్రకీర్తి. ఆయన తన చేతికర్రతో గద్దను అడ్డుకుంటున్నాడు. తెల్లబట్టమీద నెత్తురు చుక్కలు పడ్డాయి. "మొదటిది ఎవరికైనా వస్తుంది. తక్కిన ఆరూ వేసినవాడి చెయ్యి పడితేనే. వాడు ఉప్పుదీవిలోనే ఉన్నాడు, చావు లేని మనిషి. దూకు పిల్లా."

కావలివాళ్ళ అడుగులు వసారాలోకి వచ్చేశాయి. చెంగల్వ పడమటి కిటికీ ఎక్కి, ఉత్తరీయం రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని దూకింది. పుట్టాక మొదటిసారి తెల్లగుడ్డను వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. గాలి దాన్ని తెరచాపలా పొంగించి, మబ్బుల్లోంచి, లోయమీదుగా, ఏటిదాకా మోసుకుపోయింది. చివరిసారి వెనక్కి చూసినప్పుడు ఇద్దరు భటులు ముసలాయన చేతులు పట్టుకుని ఉన్నారు. ఆయన వేళ్ళు ఇంకా పైకే ఉన్నాయి.

*

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వీధి చివర దండోరావాడు అరుస్తున్నాడు: మణిభద్రుడనే పరదేశి, తెల్లని చేతులవాడు, రాజద్రోహి, పట్టి ఇచ్చినవాళ్ళకు నూరు వరహాలు. నీలివాడ జనం విని ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయారు. తెల్లని చేతులవాడు ఈ వాడలో ఎందుకుంటాడు?

ఎర్రక్క కూతుర్ని తడిబట్టలతో లోపలికి లాగి, తలుపు వేసి, ఒళ్ళంతా తడిమి చూసింది. ఏమీ అడగలేదు. ఆకులు వేసింది. పులుసు పోసింది. వేణ్ణీళ్ళు, ఉప్పు, కారం.

సింగన కలుపుకుని తిన్నాడు. "పులుసు బాగుంది," అన్నాడు.

అవ్వ తొలిముద్ద తీసి ఆకుకొసన పెట్టింది. చెంగల్వ దానికేసి చాలాసేపు చూసింది.

"ఇంకాస్త పెట్టు అవ్వా," అంది.

"వాడు తినేది అంతేనే. చిన్నప్పటినుంచీ కోడిపిల్ల తిండి."

"అయినా పెట్టు. ఇవాళ ఆకలిగా ఉంటుంది."

అవ్వ వింతగా చూసి మరో ముద్ద పెట్టింది. చెంగల్వ లేచి, పొయ్యిగట్టున ఆరిన ఉత్తరీయం తెచ్చి అవ్వ భుజాలచుట్టూ కప్పింది.

"తెల్లది నాకెందుకే? మరక పడుతుంది."

"పడనీ అవ్వా. ఇది నీకు చెందవలసిందే."

తరవాత వచ్చి అన్న ఎదురుగా కూర్చుంది. ఏటినుంచి వచ్చేదారంతా ఆ మాట ఎట్లా చెప్పాలా అని ఆలోచించింది. ఏ విధంగా చెప్పినా మూడేళ్ళు వెనక్కి రావు.

"అన్నా. నీ చెయ్యి వణకలేదు."

తిప్పన ముద్ద కలుపుతూ ఆగాడు.

"గాలి. తూర్పుగాలిని కట్టి మనవైపు వదిలారు. ఆఖరి మలుపులో బొరియ ఉంది. నేను పైనుంచి చూశాను. ఓబులి దీపం అక్కడే ఆరింది. ముందు ఆరినవన్నీ గాలికే. ఎవరి చెయ్యీ వణకలేదు అన్నా. ఎనభై ఏళ్ళలో ఒక్కటీ వణకలేదు."

సింగన నీళ్ళచెంబు కింద పెట్టాడు. ఎర్రక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిప్పన ఏమంటాడా అని అందరూ చూశారు. కోపం వస్తుందనుకున్నారు. నవ్వుతాడేమో అనుకున్నారు. అతను తన కుడిచేతిని దీపం వెలుగులోకి తెచ్చి, తనది కానిదాన్ని చూసినట్టు చూశాడు. మూడేళ్ళుగా ఆ చేతిని అతను క్షమించలేదు. దానిచేత మందుమొక్క ఒక్కటీ తాకించలేదు. ఇప్పుడు ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముద్ద జారి ఆకులో పడింది. ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

అవ్వ ఒక్కతే జరిగి, ఆ రెండు చేతులమీద తెల్ల ఉత్తరీయం కొస కప్పింది.

ఎర్రక్క నోటిమీది కొంగు దించింది. "మరి నీ చోటు? నీ దీపం పైకి చేరిందా?"

"చేరింది. కాని అది మణిభద్రుడి చోటమ్మా. నాది కాదు." చెంగల్వ ఆకు మడిచింది. చెయ్యి కడుక్కుని, మూడుసార్లు విదిలించి, వచ్చి అందరి మధ్యా కూర్చుంది. గొంతు పెంచకుండా, రేపటి వంట సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"ఇంకా ఆరు ముడులున్నాయి. వేసినవాడు ఉప్పుదీవిలో ఉన్నాడు. అమ్మా, తొట్టి అడుగున కాస్త రంగు మిగిలే ఉంటుంది. పొద్దున్నే నా చేతులు ముంచు, మోచేతులదాకా. నేను వాడి దగ్గరికి పోతున్నాను."